పెదపల్లి రేవుకు ప్రయాణం

కృష్ణా తీరపు రేవులు: 6వ భాగం

1759 ఏప్రిల్ 7 రాత్రి. బందరు కోట పక్కనున్న ఊబిలో బురద తొక్కుకుంటూ కెప్టెన్ నాక్స్ మనుషులు ముందుకు కదిలారు. ఆ వైపు అలజడి లేపి ఫ్రెంచి వాళ్ళ చూపు మళ్ళించడమే వాళ్ళకు అప్పగించిన పని. అసలు దెబ్బ మరో వైపు బురుజు మీద పడింది. తెల్లవారేసరికి ఫ్రెంచి సేనాని కాన్‌ఫ్లాన్ లొంగిపోయాడు. కోట ఎక్కిన వాళ్ళ కంటే లొంగిపోయిన వాళ్ళే ఎక్కువ మంది. కర్నల్ ఫోర్డ్‌కు జీతాలందక అలిగిన సైనికులున్నారు, వెనక నుంచి నిజాం సలాబత్ జంగ్ సైన్యం వస్తోంది, చేతిలో రోజులు లేవు. అందుకే రాత్రికి రాత్రి తెగించాడు.

ఐదు నెలలు దాటాక, సెప్టెంబరు 13 తెల్లవారుజామున, భూమికి అటు వైపు మరో సైన్యం చీకట్లో కొండ ఎక్కింది. సెయింట్ లారెన్స్ నది ఒడ్డున క్యూబెక్ నగరం పక్కన జనరల్ వుల్ఫ్ మనుషులు చేసిన పని అది. వాళ్ళను మోసుకొచ్చిన ఓడలు ఆ వసంతంలో హాలిఫాక్స్ రేవులో కూడుకున్నవి. ఐదు రోజులకు క్యూబెక్ లొంగింది. బందరులో జరిగిందీ, క్యూబెక్‌లో జరిగిందీ ఒకే యుద్ధం. ఇంగ్లండుకూ ఫ్రాన్సుకూ మధ్య ఏడేళ్ళు సాగిన ఆ పోరు 1763లో పారిస్ ఒడంబడికతో ముగిసి, కెనడా ఫ్రెంచి వాళ్ళ చేయి దాటింది. మన వైపు అంతకన్నా ముందే తేలిపోయింది. 1759 మే 14న సలాబత్ జంగ్ రాసిచ్చిన ఒప్పందంలో బందరుతో పాటు నిజాంపట్నం సర్కారు, కొండవీడు సీమ ఇంగ్లీషు కంపెనీకి దఖలు పడ్డాయి. గుంటూరు సర్కారు పూర్తిగా వాళ్ళ చేతికి రావడానికి 1788 దాకా పట్టింది. రేపల్లె దిగువ తీరం మాత్రం దాదాపు ముప్పై ఏళ్ళ ముందే చేతులు మారింది.

తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో కెనడాలో పిల్లలున్న ఇళ్ళు ఇవాళ తక్కువేమీ లేవు. అమ్మానాన్నలు వేసవికి వెళ్తే, పిల్లలు సెలవు పెట్టుకుని హాలిఫాక్స్ కొండ మీది కోటకో, క్యూబెక్ పాత పట్టణపు ప్రాకారం మీదికో తీసుకెళ్తారు. 1985లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ ప్రాకారం మీద నాలుగున్నర కిలోమీటర్లు నడవచ్చు. ప్రతి మలుపులో పలకలుంటాయి, చెప్పేవాళ్ళుంటారు. ఆ ప్రయాణానికి వీసా మొదలుకుని చలి కోటు దాకా నెలల ముందు నుంచే తయారవుతారు. తప్పకుండా వెళ్ళాలి, చూడాలి. అదే శ్రద్ధ మన తీరానికీ దక్కాలన్నది నా కోరిక. నిజాంపట్నం, మోటుపల్లి మన గడప దగ్గరున్నాయి. ఇక్కడ పలకలు చెప్పేది తక్కువ కాబట్టి తయారీ ఇంకా ఎక్కువ కావాలి. అందుకని ఈ భాగాన్ని ఒక ప్రయాణానికి ఏర్పాటులా రాస్తున్నాను.

ముందు కాలం సంగతి తేల్చుకోవాలి. పాత ఓడల నావికులు ఈ తీరంలో అక్టోబరు, నవంబరు, డిసెంబరు నెలలంటే జంకేవారు. వాళ్ళ జంకు ఎంత నిజమో 1977 నవంబరు 19న మన తరం కళ్ళారా చూసింది. ఆ ఉప్పెన దివిసీమనూ రేపల్లె, బాపట్ల తీర గ్రామాలనూ ముంచేసింది, ప్రభుత్వ లెక్కల్లోనే మరణాలు పది వేలు దాటాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను తీరం దాటింది బాపట్ల దగ్గరే. కాబట్టి సంక్రాంతి వెళ్ళాక, జనవరి చివర, ఫిబ్రవరిలో బయల్దేరడం మేలు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. రేవులో పని చూడాలనుకుంటే ఆ రోజులు వద్దు. వలలు బాగు చేసుకుంటున్న వాళ్ళ పక్కన కూర్చుని తీరిగ్గా కబుర్లు వినాలనుకుంటే, ఎండకు ఓర్చుకోగలిగితే, ఆ రోజులే మంచివి.

రెండోది చదువు. మోటుపల్లి శాసనాల పాఠం, గ్లోబ్ ఓడలో వచ్చిన పీటర్ ఫ్లోరిస్ దినచర్య, 1626లో అచ్చయిన విలియం మెథ్‌వోల్డ్ గోల్కొండ రాజ్య వర్ణన. ఈ మూడూ చదివి వెళ్తే ఇసుక కూడా మాట్లాడుతుంది. ఫ్లోరిస్, మెథ్‌వోల్డ్ రాతలను మోర్‌లాండ్ అనే చరిత్రకారుడు 1930లలో విడివిడి పుస్తకాలుగా ప్రచురించాడు. చదువుకోవడానికి దారిలోనే మంచి చోటుంది. చీరాల దాటగానే వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం. 1929లో గాంధీగారు శంకుస్థాపన చేసిన గ్రంథాలయం అది. పాత తెలుగు పత్రికలు అంత జాగ్రత్తగా దాచిన చోట్లు మనకు చాలా తక్కువ. మోటుపల్లికి వెళ్ళేవాళ్ళు ఒక పూట అక్కడ గడపకుండా ముందుకు పోవద్దని నా మాట.

మూడోది వరస. కొందరు పొద్దున మోటుపల్లి, మధ్యాహ్నం సూర్యలంక, సాయంత్రానికి నిజాంపట్నం అని పెట్టుకుంటారు. అలా చేస్తే మూడు చోట్లా ఫొటోలే మిగులుతాయి. మోటుపల్లి పదమూడో శతాబ్దపు రేవు, నిజాంపట్నం పదిహేడో శతాబ్దపు రేవు. రెండింటి నడుమ ఒక రాత్రి బాపట్లలో నిద్ర చేయడం మంచిది.

తెనాలిలోనో బాపట్లలోనో మద్రాసు వైపు పాసింజరు ఎక్కితే చినగంజాంలో దిగవచ్చు. అక్కడి నుంచి ఉప్పు కొటార్ల మీదుగా మోటుపల్లి ఆటోలో పోయేంత దూరమే. వీరభద్రస్వామి గుడిలో గణపతిదేవ చక్రవర్తి వేయించిన శాసన స్తంభం దగ్గర తొందరపడకండి. శక సంవత్సరం 1166, అంటే క్రీస్తుశకం 1244-45 నాటిది. మన చరిత్ర పుస్తకాలు అభయ శాసనమని పిలిచేది దీన్నే.

అందులో ఉన్న విషయం ఇది. ఒక దేశం నుంచి మరో దేశానికి సరుకుతో పోయే ఓడలు గాలివానకు దెబ్బ తిని ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ వెనకటి రాజులు బలవంతంగా లాక్కునేవారు. ప్రాణం కన్నా ధనమే గొప్పదని నమ్మి సముద్రం మీదికి సాహసించే వాళ్ళ మీద దయతో, కీర్తి కోసం, ధర్మం కోసం మేము ఆ హక్కు వదులుకుంటున్నాం, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోం అని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతి దిగుమతుల మీద ముప్పయ్యో వంతు. ఆ కింద సరుకుల వారీగా సుంకాల పట్టిక. గంధం, దేశవాళీ కర్పూరం, చీనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, జవ్వాది, కర్పూర తైలం, రాగి, తగరం జాతి లోహాలు, పట్టు నూలు, పగడాలు, మిరియాలు, పోకలు.

ఈ పట్టిక మీద నాకు ప్రత్యేకమైన ప్రేమ. యుద్ధాల గురించి, దానాల గురించి చెప్పే శాసనాలు మనకు వేలున్నాయి. ఓడ మునిగిన వర్తకుడి కష్టాన్ని తలచుకున్న శాసనం ఎన్ని చోట్ల దొరుకుతుంది? ఒడ్డుకు కొట్టుకొచ్చిన సొత్తు ఒడ్డు దొరదే అన్న ఆచారం చాలా దేశాల్లో సాగుతున్న రోజులవి. ఓరుగల్లులో కూర్చున్న రాజు నమ్మకం ఉంటేనే ఓడ వస్తుందని గ్రహించాడు, ఆ నమ్మకాన్ని రాతి మీద చెక్కించాడు. సుంకం ఎంతో ముందే తెలిస్తే వర్తకుడు లాభనష్టాలు లెక్క వేసుకోగలడు. రేవు అధికారి ఇష్టాయిష్టాలకు అక్కడ చోటు ఉండదు.

ఆ నమ్మకం ఫలించింది. వెనిస్ వాడైన మార్కోపోలో 1298లో జెనోవా చెరసాలలో ఉండగా చెప్పి రాయించిన పుస్తకంలో ముత్ఫిలి రాజ్యం పేరుంది. మోటుపల్లి పేరుతోనే ఆయన మొత్తం కాకతీయ రాజ్యాన్ని పిలిచాడు. సముద్రం మీద తిరిగే వాళ్ళకు ఓరుగల్లు కన్నా ఈ రేవే ఎరుక. న్యాయం తప్పని రాణి పాలించిందని రాశాడు. ఆమె మన రుద్రమదేవి. ఆమెను రాజు భార్యగా పొరబడ్డాడు, నిజానికి ఆమె గణపతిదేవుడి కూతురు. ఈ దేశపు పల్చటి నూలు బట్టలు సాలెగూడు పోగుల్లా ఉంటాయనీ, ఏ రాజూ రాణీ వాటిని కట్టడానికి వెనుదీయరనీ మెచ్చుకున్నాడు. లోయల్లోకి మాంసం ముక్కలు విసిరితే గద్దలు వాటికి అంటుకున్న వజ్రాలను పైకి తెస్తాయన్నది కథ. కృష్ణ లోయ వజ్రాలు మాత్రం కథ కావు.

కాకతీయుల తర్వాత కొండవీటి అనవోతారెడ్డి 1358లో ఇక్కడే మరో శాసనం వేయించి వర్తకులకు మళ్ళీ అభయమిచ్చాడు. నూరేళ్ళు దాటాక కూడా పాత మాటను కొత్త రాజు తిరగ రాయించవలసి వచ్చిందంటే, ఆ మాట ఈ తీరానికి ఎంత విలువైనదో తెలుస్తుంది. రెడ్డిరాజుల నాటి సరుకులు ఎక్కడెక్కడి నుంచి వచ్చేవో శ్రీనాథుడి హరవిలాసం అవతారిక చెబుతుంది. కుమారగిరిరెడ్డికి సుగంధ ద్రవ్యాలు సమకూర్చిన అవచి తిప్పయ సెట్టి సింహళం నుంచి ఏనుగులు, హురుమంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టు తెప్పించేవాడట. హురుమంజి అంటే పారశీక సింధుశాఖ మొగలోని హోర్ముజ్. చినగంజాం ఉప్పు మడుల అవతల నిలబడి ఆ పేరు తలచుకోండి.

ఆ రాత్రికి బాపట్ల. పొద్దున్నే భావనారాయణస్వామి గుడి, చోళుల నాటి శాసనాలు, వీలైతే సూర్యలంక. దాని గురించి ఈ వరసలో ముందే రాశాను కనుక ఇక్కడ ఆగను.

రెండో రోజు తెనాలి నుంచి రేపల్లె బండి. 1916లో వచ్చిన దారి ఇది. వేమూరు దాటి భట్టిప్రోలులో ఆగినప్పుడు దిగాలనిపిస్తుంది. 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో అక్షరాలున్న ధాతు కరండాలు బయటపడ్డ స్తూపం అక్కడే ఉంది. దానికి విడిగా ఒక రోజు కేటాయించండి. చందవోలుకు కూడా అంతే, వెలనాటి చోడుల రాజధానిని దారిలో తొంగి చూసి పోవడం తగదు.

రేపల్లెలో దిగి నిజాంపట్నం బస్సు ఎక్కితే కాలువలు, వరిచేలు, ఆ తర్వాత అడవులదీవి వైపు రొయ్యల చెరువులు, పర్ర భూములు, మడచెట్లు కనిపిస్తాయి. ఈ నేల కృష్ణమ్మ ఒండ్రు కప్పుకుంటూ సముద్రంలోకి జరిగిన నేల. నాలుగు వందల ఏళ్ళ కిందటి పటంలో ఒడ్డు ఇప్పుడున్న చోట లేదు. ఆ రోజుల్లో ఊరి పేరు పెదపల్లి. యూరపు వాళ్ళ నోట్లో అది పెటపొలి అయింది. డచ్చి వాళ్ళు 1606లో ఇక్కడ గిడ్డంగి పెట్టారు. చంప్లెయిన్ క్యూబెక్ నగరానికి మొదటి ఇల్లు కట్టింది ఆ తర్వాత రెండేళ్ళకు, 1608లో. వయసులో మన రేవే పెద్దది. అది ఊరుగా, రేవుగా అప్పటికే ఉంది, వీళ్ళు వచ్చి చేరారు.

ఇంగ్లీషు వాళ్ళు వచ్చిన తీరు ఆసక్తిగా ఉంటుంది. 1611లో గ్లోబ్ అనే ఓడ లండన్ నుంచి బయల్దేరింది. కెప్టెన్ ఆంథొనీ హిప్పన్. వ్యాపారం నడిపేది మాత్రం ఇద్దరు డచ్చి వాళ్ళు, పీటర్ ఫ్లోరిస్, లూకాస్ ఆంథ్యూనిస్. సొంత దేశపు కంపెనీని వదిలి ఇంగ్లీషు కంపెనీ కొలువులో చేరిన అనుభవజ్ఞులు. ఆగస్టులో పులికాట్ ముందు లంగరు వేస్తే అక్కడి డచ్చి అధికారి చంద్రగిరి వెంకటపతిరాయలిచ్చిన కౌలు చూపించి దిగనివ్వలేదు. ఓడ ఉత్తరానికి తిరిగింది. కొద్ది రోజులకు పెదపల్లి ముందు ఆగింది. ఇక్కడ గోల్కొండ సుల్తాను పాలన, రేవు అధికారి రమ్మన్నాడు. తూర్పు తీరంలో ఇంగ్లీషు కంపెనీ తొలి బేరం ఈ రేవుతో మొదలైంది. కొందరిని ఇక్కడ దించి గ్లోబ్ నెలాఖరుకు బందరు చేరింది. అప్పటికి మద్రాసు పట్టణం లేదు. దానికి ఇంకా ఇరవై ఎనిమిదేళ్ళుంది.

వాళ్ళకు ఇక్కడేం కావాలి? బట్ట. జావాలో బాంటమ్‌లో మిరియాలు కొనాలన్నా, సయాంలోనో మలయా తీరంలోని పటానిలోనో వ్యాపారం చేయాలన్నా వెండి ఒక్కటే సరిపోదు. అక్కడి వాళ్ళు అడిగేది తెలుగు తీరపు అద్దకం బట్ట, అదీ తమకు నచ్చిన రంగు, తమకు నచ్చిన పువ్వు. అందువల్ల ముందుగా నేతగాళ్ళకు, అద్దకం వాళ్ళకు బయానా ఇచ్చి, నమూనాలు చూపించి, నెలల తరబడి కాచుకోవాలి. ఆ బట్ట తూర్పు దీవుల్లో మిరియాలుగా మారి, మిరియాలు లండన్‌లో నాణేలుగా మారేవి. గ్లోబ్ ప్రయాణం మొత్తం ఈ మెట్ల మీద నడిచింది.

ఈ తీరపు బట్టకు ఆ గిరాకీ రావడానికి కారణం ఎరుపు. ఆ ఎరుపు చిరివేరుది. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క, దాని సన్నటి పొడవాటి వేరు మీది తొక్కలో రంగుంటుంది. ఎంత ఉతికినా పోని రంగు. పెదపల్లి పరిసరాల చిరివేరుకు డచ్చి, ఇంగ్లీషు వర్తకుల రాతల్లో గొప్ప పేరు. బట్టను కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి ఆరేస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక రాస్తారు. చిరివేరు కాచిన నీళ్ళలో ఉడికిస్తే పటిక తగిలిన చోటే రంగు పట్టుకుంటుంది. పాలలోని కొవ్వు రంగు పాకకుండా కాపాడుతుంది. ఇసుక నేల, పారే నీరు, ఎండ, చేతి నేర్పు నాలుగూ ఒక్క చోట కుదిరిన తీరం కనుకే ఓడలు వెతుక్కుంటూ వచ్చాయి. చీరాల తేలియా రుమాళ్ళ ఎరుపు కూడా ఈ వంశానిదే. పందొమ్మిదో శతాబ్దం చివర జర్మనీ నుంచి ఫ్యాక్టరీ రంగు డబ్బాలు దిగాక చిరివేరు తవ్వేవాళ్ళు కరవయ్యారు. గుజరాతు నీలిమందు గురించీ, ఢాకా మస్లిన్ గురించీ పుస్తకాలు వచ్చాయి. మన చిరివేరు గురించి ఇంటింటా తెలియవలసినంత తెలియదని నాకు నిజంగా బాధ.

ఫ్లోరిస్ ఈ తీరంలో ఉండగానే, 1612 జనవరిలో, హైదరాబాదు కట్టించిన మహమ్మద్ కులీ కుతుబ్ షా మరణించాడు. గొడవలు రేగుతాయేమోనని భయపడినట్టూ, కొత్త సుల్తాను శాంతంగా గద్దెనెక్కినట్టూ దినచర్యలో నమోదు చేసుకున్నాడు. రాజధానికి అంత దూరాన ఉన్న వర్తకుడు ఆ వార్త కోసం ఎందుకు అంత ఆత్రపడ్డాడంటే, గవర్నరు మారితే బాకీలు మునుగుతాయి. రేవు అధికారాన్ని సుల్తాను ఏటా వేలం వేసేవాడు. పాడుకున్నవాడు ఆ ఏడాదిలోనే డబ్బు రాబట్టుకోవాలి, కాబట్టి వర్తకులనూ, నేతగాళ్ళనూ పీడించేవాడు. మెథ్‌వోల్డ్ ఈ సంగతి విపులంగా రాశాడు. మోటుపల్లి స్తంభం మీద సుంకం చెక్కించిన రాజుకూ ఈ ఏలుబడికీ ఎంత తేడా! రెండు రేవులూ ఒక్క ప్రయాణంలో చూడమనడానికి నాకున్న పెద్ద కారణం ఈ తేడా.

పెదపల్లి వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. గోల్కొండకు నేరుగా బండ్ల బాట ఉన్న బందరు ముందుకు పోయింది. 1639లో మద్రాసు వచ్చాక బేరాలు అటు మళ్ళాయి. డచ్చి వాళ్ళు 1668లో గిడ్డంగి మూసేశారు, ఇంగ్లీషు వాళ్ళు మూస్తూ తెరుస్తూ 1680ల దాకా లాగారు. 1750లలో ఫ్రెంచి వాళ్ళ చేతికి వచ్చిన నిజాంపట్నం, ముందు చెప్పినట్టు, బందరు కోట పడగానే ఇంగ్లీషు కంపెనీది అయింది. అప్పటికి అది శిస్తు వసూలయ్యే సర్కారు పేరు మాత్రమే. ఓడల లెక్కలో దాని పేరు ఎప్పుడో తగ్గిపోయింది.

ఇవాళ అక్కడ చేపల రేవుంది. తెల్లవారుజామునే వెళ్ళండి. మరపడవలు దిగే వేళ, రొయ్య, చేప బుట్టలు ఎక్కే వేళ ఒడ్డు కిటకిటలాడుతుంది. క్యూబెక్‌లో లాగా ప్రాకారాలు, వరస గిడ్డంగులు చూడాలని పోతే నిరాశ పడతారు. మొగ ఎటు తిరిగిందో, నీళ్ళు ఎక్కడ లోతో పడవ వాళ్ళను అడగండి. పెద్ద ఓడలు దూరాన ఎందుకు ఆగేవో వాళ్ళ జవాబులో అర్థమవుతుంది. వెంట పిల్లలుంటే గ్లోబ్ దారిని పటం మీద గీయించండి: లండన్, పులికాట్, పెదపల్లి, బందరు, బాంటమ్, పటాని.

తిరుగు దారిలో రేపల్లె నుంచి పెనుమూడి వారధి మీదుగా కృష్ణ దాటితే పులిగడ్డ, అవనిగడ్డ, ఆపైన బందరు. గ్లోబ్ మనుషులకు బాకీలు తీర్చకుండా తిప్పించుకున్నందుకు 1614లో ఫ్లోరిస్ అక్కడి గవర్నరు కొడుకును సుంకాల చావడి నుంచి పట్టుకుపోయి ఓడలో కూర్చోబెట్టాడు. బాకీ వసూలైంది. ఆ కథ వచ్చే భాగంలో.